ఫైళ్ళన్నీ దక్కాయి, కంప్యూటరే దక్కలేదు: మొత్తం డిస్కుకు నకలు తీసి పెట్టుకునే పద్ధతి

చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభకు నాలుగు సందుల అవతల, ఒక సెల్లారులో మా డీటీపీ దుకాణం ఉంది. పెళ్ళి శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు, అప్పుడప్పుడు ఎవరో ఒక కవిగారి సంపుటి. రెండు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, నేను, నాకు సాయంగా ఒక అమ్మాయి. రెండేళ్ళ కిందట మాఘమాసంలో, ముహూర్తాలు ముసురుకున్న వారంలోనే, పెద్ద కంప్యూటర్‌లోని హార్డ్ డిస్కు ఒక ఉదయం లేవలేదు. నేను పెద్దగా కంగారుపడలేదు. ఆరేళ్ళ పని మొత్తం పెన్‌డ్రైవ్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి ఉంది. షట్టరు దించే ముందు ఆ రోజు ఫైళ్ళు కాపీ చేయడం నాకు దీపం పెట్టడం లాంటి అలవాటు.

కొత్త డిస్కు వేయించి, విండోస్ ఎక్కించి, నాటి రాత్రి ప్రెస్సుకు పోవలసిన శుభలేఖ ఫైలు తెరిచాం. "అక్కా, తెలుగంతా ఇంగ్లీషైపోయింది" అంది అమ్మాయి. "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" ఉండవలసిన చోట రెండు లాటిన్ అక్షరాలు, ఒక డాలరు గుర్తు, ఒక బ్రాకెట్టు, మళ్ళీ నాలుగు లాటిన్ అక్షరాలు. డీటీపీ చేసేవాళ్ళకు ఇది కొత్త కాదు. మేము వాడే పాత ఫాంట్లు, ఏ కంప్యూటర్‌కైనా తెలుగును తెలుగుగా గుర్తుపట్టించే యూనికోడ్‌వి కావు. ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన గడిలో తెలుగు ఆకారం గీసి పెట్టినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌కు అది తెలుగని తెలిసే దారి లేదు.

ఫాంట్ల సీడీ గీతలు పడి ఉంది. కీబోర్డు ప్రోగ్రాము దొరకడానికి రెండు రోజులు. మేము పేజీలు కూర్చే ప్రోగ్రాము పేజ్‌మేకర్ సంగతి చెప్పనక్కర్లేదు, 2001లో వచ్చిన 7.0యే దాని చివరి పెద్ద వెర్షన్. దాన్ని ఇప్పటి విండోస్ మీద కూర్చోబెట్టడం ఒక వ్రతం. కార్డు సైజుల మూసలు, కలర్ ప్రింటర్‌లో పసుపు మరీ నిమ్మపండు రంగుకు పోకుండా ఏళ్ళ తరబడి సర్దుకున్న సెట్టింగులు, అవన్నీ మళ్ళీ మొదటి నుంచి. తొమ్మిది రోజులు పట్టింది. తీరా అంతా అయిందనుకుని ఒక పాత కార్డు మళ్ళీ అచ్చు వేస్తే, పెళ్ళికూతురు తల్లి పేరు లక్ష్మిలో మ-వత్తు పక్క అక్షరం కిందికి జరిగి ఉంది. అదే పేరుతో దొరికిన ఫాంటే, కానీ వెర్షన్ వేరు. నూటయాభై కార్డులు అచ్చయ్యాక చూశాం.

అంటే నేను దాచుకున్నది బియ్యం, పోగొట్టుకున్నది పొయ్యి. ఆ పొయ్యిని కూడా దాచుకోవడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. డీటీపీయే కానక్కర్లేదు. ట్యాలీ పెట్టుకున్న కిరాణా దుకాణానికైనా, పాత సాఫ్ట్‌వేర్ మీద నడిచే స్కానింగు సెంటరుకైనా, ఇంట్లో పిల్లల చదువు కంప్యూటర్‌కైనా ఇదే పద్ధతి.

ఇమేజ్ అంటే బొమ్మ కాదు

మొత్తం డిస్కుకు తీసే నకలును డిస్క్ ఇమేజ్ అంటారు. మై కంప్యూటర్‌లో మీకు కనిపించేది సీ డ్రైవ్ ఒక్కటే. కానీ ఇప్పటి విండోస్ డిస్కులో దాని ముందు కంప్యూటర్‌ను లేపే ఈఎఫ్ఐ విభాగం ఒకటి ఉంటుంది, వంద ఎంబీ చిల్లర. దాని పక్కన 16 ఎంబీల ముక్క ఒకటి, చివర రికవరీ విభాగం ఒకటి. సీ డ్రైవ్‌లోని ఫైళ్ళన్నీ ఎత్తి కొత్త డిస్కులో పోసినా అది లేవకపోవడానికి కారణం ఇదే. ఇమేజ్ తీసే ప్రోగ్రాము ఈ విభాగాలను, వాటి పట్టికను, ఫైళ్ళు కూర్చున్న చోట్లతో సహా రాసుకుంటుంది. తిరిగి పోస్తే నిన్నటి కంప్యూటర్ నిన్నటిలాగే లేస్తుంది, డెస్క్‌టాప్ మీది చెత్తతో సహా.

క్లోన్ అనేది వేరు. అది ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు నేరుగా పోయడం. పాత హార్డ్ డిస్కు తీసి, తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ డిస్కు వేసుకునే రోజు అది చాలు. బ్యాకప్‌కు మాత్రం ఇమేజే మేలు. ఒకే బయటి డిస్కులో మూడు నాలుగు తేదీల ఇమేజ్‌లు పెట్టుకోవచ్చు.

ఏ ప్రోగ్రాము? విండోస్‌లోనే, కంట్రోల్ ప్యానెల్‌లో, విండోస్ 7 పేరుతో ఒక బ్యాకప్ సాధనం ఇంకా కనిపిస్తుంది. దాన్ని మెరుగుపరచడం మానేశామని మైక్రోసాఫ్ట్ 2017లోనే చెప్పింది. మునిగే పడవ అని అనను గానీ, నేనైతే ఎక్కను. చాలామంది వాడిన మేక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్ ఆగిపోయింది. మిగిలినవాటిలో తైవాన్‌లో తయారైన క్లోనెజిల్లా గట్టిది, ఉచితం. కానీ నల్ల తెర మీద ప్రశ్న తర్వాత ప్రశ్న అడుగుతూ పోతుంది, ఒక్కచోట తప్పు మీట నొక్కితే కథ మారిపోతుంది. నేను వాడేది రెస్క్యూజిల్లా. అదీ ఉచితమే, లోపల పని అదే తీరు, ముందు మాత్రం మౌసుతో నొక్కే పెద్ద బొత్తాలు. క్లోనెజిల్లా తీసిన ఇమేజ్‌లను కూడా ఇది చదువుతుంది.

తీసే ముందు

కావలసినవి రెండు. ఎనిమిది జీబీల పెన్‌డ్రైవ్ ఒకటి, బయటి హార్డ్ డిస్కు ఒకటి. మా పెద్ద కంప్యూటర్‌లో 500 జీబీల డిస్కు, అందులో నిండినది 180. ఖాళీ చోటును వదిలేసి, మిగతాది కుదించి రాస్తుంది కాబట్టి మా ఇమేజ్ 110 జీబీల దగ్గర తేలింది. ఒక టీబీ డిస్కు కొంటే హాయిగా సరిపోతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోతే నాలుగు దుకాణాలు తిరిగి ధర అడగవచ్చు. దీర్ఘకాలం బీరువాలో ఉంచే ఇమేజ్‌కు ఎస్ఎస్‌డీ కన్నా తిరిగే హార్డ్ డిస్కే నాకు ఇష్టం. కరెంటు తగలకుండా ఏళ్ళు పడి ఉంటే ఎస్ఎస్‌డీలో రాత చెరిగే ప్రమాదం ఉంది.

బయటి డిస్కును కంప్యూటర్ వెనక నీలం రంగు ఉన్న యూఎస్‌బీ రంధ్రంలో పెట్టండి, చాలా కంప్యూటర్లలో 3.0 గుర్తు అదే. పాత 2.0 రంధ్రంలో పెడితే సెకనుకు 30, 40 ఎంబీలకు మించదు. అదే పని ఇంకా ఎక్కువసేపు లాగుతుంది.

తర్వాత డిస్కు ఆరోగ్యం చూసుకోవాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాము తెరిస్తే నీలం రంగులో మంచిదనో, పసుపులో జాగ్రత్త అనో చూపుతుంది. పసుపు అయితే ఇవాళే ఇమేజ్ తీయండి, రేపనకండి. డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంటే మాత్రం ఇమేజ్ ప్రయత్నమే వద్దు. కరెంటు తీసేసి, డేటా రికవరీ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకుపోవడమే. ఆ స్థితిలో తిప్పే ప్రతి నిమిషం దాని ఆయుష్షులోంచే తీసుకుంటున్నట్టు.

ఇక అందరూ పడే రెండు గోతులు చెబుతాను.

మొదటిది, విండోస్ షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ అనే సౌకర్యం వల్ల అది సగం నిద్రలో ఉంటుంది, సీ డ్రైవ్ తలుపు ఓరగా తెరిచి పెట్టి పడుకుంటుంది. ఆ స్థితిలో తీసిన ఇమేజ్‌ను నమ్మలేం. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్ళి, పవర్ బొత్తాల పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. మరచిపోతే, షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా పూర్తిగా ఆగుతుంది.

రెండోది, బిట్‌లాకర్. కొత్త లాప్‌టాప్‌లలో మీకు చెప్పకుండానే డిస్కుకు తాళం పడి ఉండవచ్చు. విండోస్ హోమ్‌లో దాన్ని డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు. తాళం ఉన్న డిస్కులో ఏది నిండిందో ఏది ఖాళీయో ఇమేజ్ ప్రోగ్రాముకు తెలియదు, 500 జీబీలూ తు.చ. తప్పకుండా రాస్తూ కూర్చుంటుంది. అందుకని సెట్టింగులలో దాన్ని ఆపి, తాళం పూర్తిగా విప్పే దాకా ఆగి, అప్పుడు ఇమేజ్ తీసి, మళ్ళీ తాళం వేయండి. ఏమైనా సరే, 48 అంకెల రికవరీ కీని ముందుగా కాగితం మీద రాసుకోండి. కంప్యూటర్‌లోనే దాచుకుంటే, బీరువా తాళంచెవి బీరువాలో పెట్టినట్టే. ఇంకొకటి, తాళం విప్పి తీసిన ఇమేజ్‌ను ఎవరైనా తెరిచి చూడగలరు. మా కంప్యూటర్‌లో జిరాక్సు కోసం పంపిన జనాల ఆధార్ కార్డులు ఉంటాయి. కాబట్టి ఆ డిస్కు బల్ల మీద కాదు, బీరువాలోనే ఉండాలి.

తీయడం

రెస్క్యూజిల్లా సైటు నుంచి ఐఎస్ఓ ఫైలు దించుకుని, రూఫస్ అనే ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్‌లోకి రాయండి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా పోతుంది, ఆ సంగతి గుర్తుంచుకోండి. పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ వేసిన వెంటనే బూట్ మెనూ మీట టకటకా నొక్కాలి. డెల్, లెనోవో అయితే ఎఫ్12. హెచ్‌పీ అయితే ఎస్కేప్ నొక్కి, తర్వాత ఎఫ్9. చేత్తో కూర్పించిన కంప్యూటర్‌లో మదర్‌బోర్డును బట్టి ఎఫ్8, ఎఫ్11, ఎఫ్12లలో ఏదో ఒకటి. మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే విండోస్ లేవకుండా రెస్క్యూజిల్లా లేస్తుంది. నకలు తీసేటప్పుడు అసలు కదలకూడదు కదా, అందుకే ఈ ఏర్పాటు.

బ్యాకప్ బొత్తం నొక్కాక ఏ డిస్కు నుంచి అని అడుగుతుంది. ఇక్కడ విండోస్ పేర్లేమీ ఉండవు. సీ, డీ కనిపించవు. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎన్‌వీఎంఈ అని ఏవో పేర్లు, పక్కన కంపెనీ మోడల్, సైజు. ముందు రోజే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూసి మోడల్ పేరు ఒక చీటీ మీద రాసుకోండి. నేను దసరాకు ఆయుధపూజలో అన్ని పెట్టెలకూ కుంకుమ బొట్టు పెడతాను. బొట్టు చెరగని డిస్కు ఏదో బల్ల మీద ఇట్టే తెలుస్తుంది గానీ, తెర మీద బొట్టు కనిపించదు. లోపలి డిస్కు, బయటి డిస్కు రెండూ ఒకే కంపెనీ ఒకే సైజువి అయితే తికమక తప్పదు. కొనేటప్పుడే వేరే సైజుది కొనడం నా పద్ధతి.

డిస్కు ఎంచుకున్నాక విభాగాల జాబితా వస్తుంది. అన్నింటికీ టిక్కు ఉంచండి, చిన్నవి కదా అని ఒక్కటీ తీయవద్దు. తర్వాత ఎక్కడ దాచాలో చెప్పి, ఇమేజ్‌కు పేరు పెట్టాలి. నేను తేదీ, ఒక ముక్క కారణం పెడతాను: ఫలానా తేదీ, కొత్త ప్రింటరుకు ముందు. కుదింపు సంగతి అది చూపినట్టే వదిలేయండి. మొదలుపెట్టి టీ తాగి రండి. మధ్యలో కరెంటు పోతే భయం లేదు. అసలు డిస్కును అది చదువుతోందే గాని దాని మీద ఏమీ రాయడం లేదు. సగం ఇమేజ్ పారేసి మళ్ళీ తీసుకుంటే సరి. అయ్యాక వెరిఫై ఇమేజ్ బొత్తం నొక్కండి. ఫైళ్ళు చెడలేదని అది చెబుతుంది. కంప్యూటర్ లేస్తుందో లేదో మాత్రం అది చెప్పలేదు.

తిరిగి పోయడం, ఆపద రాకముందే

నేను గట్టిగా పట్టుపట్టేది ఇక్కడే. ఇమేజ్ తీసిన వారంలోనే ఒకసారి రిస్టోర్ చేసి చూడాలి. అసలు డిస్కు మీద కాదు, పొరపాటున కూడా కాదు. రిస్టోర్ మొదటి పనే డిస్కు మీది పట్టికను చెరిపేయడం. ఇమేజ్‌లో లోపం ఉంటే అసలూ పోతుంది, నకలూ పోతుంది. ఇంకో డిస్కు ఒకటి కొనండి. దండగ కాదు, రేపు అసలుది పోయిన రోజు వేసుకోవలసింది అదే.

ఆ డిస్కు కొనడంలో నేను పప్పులో కాలేశాను. పాతది 500, కొత్తది 480 జీబీల ఎస్ఎస్‌డీ. 320 జీబీలు ఖాళీగా ఉన్నదానికి ఈ ఇరవై ఒక లెక్కా అనుకున్నాను. రిస్టోర్ ముందుకు పోలేదు. ఇమేజ్‌లో ఉన్నది బియ్యం తూకం కాదు, గిన్నె కొలత. రికవరీ విభాగం 500 చివరన ఉంటే, ఆ చివర కొత్త డిస్కులో లేదు. విండోస్ 500ను 465 అని, 480ని 447 అని చూపడం వల్ల మనకు ఇంకా గందరగోళం. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో. రెండూ ఒకే లెక్కలో పెట్టి చూసి, సమానమైనదో పెద్దదో కొనండి.

పద్ధతి ఇది. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, అసలు డిస్కు కేబుళ్ళు ఊడదీసి బల్ల మీద పక్కన పెట్టండి. కొత్తది తగిలించండి. పెన్‌డ్రైవ్‌తో లేపి రిస్టోర్ నొక్కి, బయటి డిస్కులోని ఇమేజ్ చూపించి, గమ్యంగా కొత్త డిస్కు ఎంచుకోండి. అంతా చెరిగిపోతుంది, సరేనా అని అడుగుతుంది. చీటీ చూసుకుని మోడల్ పేరు పైకి చదవండి. మా అమ్మాయి చదివితే నేను వింటాను, అప్పుడే సరే నొక్కుతాం. ఇద్దరు మనుషులు ఉండగా చేయవలసిన పని ఇదొక్కటే. ఇక్కడ మాత్రం యూపీఎస్ ఉండాలి. మే నెలలో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే మా వీధిలో మొదట పోయేది కరెంటే. సగంలో ఆగితే కొత్త డిస్కు లేవదు, మళ్ళీ మొదటి నుంచి పోయాలి. అసలుది బల్ల మీద ఉంది కాబట్టి పోయేది సమయమే.

అయ్యాక పెన్‌డ్రైవ్, బయటి డిస్కు తీసేసి కంప్యూటర్ వేయండి. పాతదీ కొత్తదీ ఒకేసారి తగిలించి మొదటిసారి లేపవద్దు. రెండింటికీ గుర్తులు ఒకటే కాబట్టి విండోస్ తికమకపడి ఒకదాన్ని పక్కన పెట్టవచ్చు. కొత్తది పెద్ద డిస్కు అయితే చివర ఖాళీ చోటు మిగిలి ఉంటుంది. సీ డ్రైవ్‌ను పెంచుదామంటే మధ్యలో రికవరీ విభాగం అడ్డం. పెన్‌డ్రైవ్‌లోనే ఉన్న, విభాగాలను జరిపే జీపార్టెడ్ అనే ప్రోగ్రాముతో దాన్ని చివరికి జరిపి, సీని పెంచుకోవచ్చు. తొందర లేదు, ఇమేజ్ బీరువాలో ఉంది.

ఇదంతా అదే కంప్యూటర్‌కు సంబంధించిన మాట. ఇమేజ్‌ను వేరే కంప్యూటర్‌లో పోస్తే లేవవచ్చు, లేవకపోవచ్చు. లేచినా విండోస్ లైసెన్సు మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది, మళ్ళీ పేచీ. ఆ నమ్మకంతో ఇమేజ్ తీయకండి.

ఎప్పుడెప్పుడు

రోజువారీ ఫైళ్ళకు పెన్‌డ్రైవ్ కాపీ అలాగే నడుస్తుంది, ఇమేజ్ దానికి బదులు కాదు. ఇమేజ్ నేను అమావాస్య నాడు తీస్తాను. ఆ రోజు శుభలేఖ అడగడానికి ఎవరూ రారు, కంప్యూటర్ ఖాళీ. కొత్త సాఫ్ట్‌వేర్ వేసే ముందు, విండోస్ పెద్ద మార్పుకు ముందు తిథి చూడను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 11కు మారబోయేవాళ్ళు ముందు 10కి ఒక ఇమేజ్ తీసి పెట్టుకోండి, పాత ఫాంట్లు మొరాయిస్తే వెనక్కి రావచ్చు.

బయటి డిస్కులు నా దగ్గర రెండు. ఒకటి దుకాణంలో, ఒకటి ఇంట్లో రెండో అంతస్తులో. 2020 అక్టోబర్ వానల్లో నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో చూశాక, సెల్లారులో ఉన్న నకలును నేను లెక్కలోకి తీసుకోను. పని అయిన వెంటనే కేబులు ఊడదీస్తాను. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ వస్తే, తగిలించి ఉన్న బయటి డిస్కును కూడా వదలదు. ఇమేజ్‌లు రెండు తాజావి, ఒకటి పాతది. అంతా సజావుగా ఉన్న రోజున తీసిన ఆ పాతదాన్ని చెరపను.

రిస్టోర్ పరీక్ష ఏటా ఆషాఢంలో, పెళ్ళిళ్ళు లేని నెలలో. ఈసారి అమ్మాయే చేసింది, నేను పక్కన కూర్చుని చీటీ విన్నాను. కొత్త డిస్కు మీద విండోస్ లేచాక మేము చూసేది డెస్క్‌టాప్ కాదు. పేజ్‌మేకర్ తెరిచి, ఆ పాత శుభలేఖ తెరిచి, నాలుగు వందల శాతం పెద్దది చేసి, లక్ష్మి పేరు దగ్గర ఆగి మ-వత్తు ఎక్కడుందో చూస్తాం.